చక్రం తిరగని గంటలు

వేసవి 61వ రోజు, ఉదయం ఏడు

బండి తన లాగ్ తానే రాసుకుంటుంది. ఎక్కడ బయలుదేరింది, ఎంత వేగంతో పోయింది, దారిలో నేను ఎన్నిసార్లు ఆవలించాను, అన్నీ అందులో ఉంటాయి. చక్రం తిరగని గంటలు మాత్రం ఉండవు. ఆ గంటలకు జీతం లేదు కాబట్టి అవి జరగనట్టే. అందుకే ఈ నోటుబుక్కు కొన్నాను. వాటిని ఇక నేను రాస్తాను.

నా పేరు ఓబులేశ్వరి. నలభై తొమ్మిదేళ్లు. ఏకచక్ర రవాణా సంస్థలో నీళ్ల ట్యాంకరు నడుపుతాను. పెన్నగట్టు జలాశయం దగ్గర ముప్పై వేల లీటర్లు నింపుకుని, నాలుగు వందల కిలోమీటర్లు నడిపి, కొత్తరేవు పట్నంలో దించాలి. కొత్తరేవు బావుల్లోకి సముద్రం వచ్చి పదిహేనేళ్లయింది. అక్కడి జనం తాగేది మేం తెచ్చే నీళ్లే.

నిన్న సాయంత్రం ఐదింటికి కొత్తరేవు యార్డు చేరాను. పద్నాలుగు గంటలయింది. నా ముందు ఇంకా నూట రెండు బండ్లున్నాయి. నీళ్లు దించే గేట్లు పన్నెండు. తెరిచినవి నాలుగు.

యార్డు గోడ మీద పెద్ద బోర్డు పెట్టారు. "డ్రైవర్ల కొరత! మీ కోసం ఎదురు చూస్తున్నాం. నేడే చేరండి." కింద ఒక అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని నవ్వుతోంది. పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తుంది, అంతకు ముందు దాన్ని ముట్టుకోలేదని. పద్నాలుగు గంటలుగా ఆ నవ్వు నా ఎదురుగానే ఉంది. దిగి వెళ్లి ఆ పళ్లు రాలగొట్టాలని ఉంది.

దిగడానికి లేదు. తలుపు తెరిస్తే బండి వరుసలో చివరికి పోతుంది.

61వ రోజు, మధ్యాహ్నం రెండు

బయట నలభై ఏడు డిగ్రీలు. లోపల ఎంతో చూడటం మానేశాను. చక్రం తిరిగితేనే చల్లగాలి వస్తుంది, నిలబడితే ఆగిపోతుంది. బ్యాటరీ పొదుపట. కిటికీ అద్దం నాలుగు వేళ్లు మాత్రమే దిగుతుంది. తడిగుడ్డ మెడ చుట్టూ వేసుకుంటే పావుగంటలో ఆరిపోతోంది. వెనుక ముప్పై వేల లీటర్ల నీళ్లున్నాయి, ఒక చెంబు వాడుకోవడానికి లేదు. సీలు వేసి ఉంటుంది.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి సీటు వెనక పెట్టుకున్నాను. ఎందుకో రాయనక్కర్లేదు. మగవాళ్లకు సీసా సరిపోతుంది. యార్డులో మరుగుదొడ్లు రెండున్నాయి, అటు చివర. అక్కడికి పోవాలన్నా తలుపు తెరవాలి కదా.

యార్డు నేలలో తీగలు పరిచారు. వాటిని పట్టుకుని బండి తనంతట తానే ముందుకు జరుగుతుంది. డ్రైవరు సీట్లో ఉంటే చాలు. పది నిమిషాలకొకసారి సీటులోంచి ఒక గొంతు వస్తుంది. "మీరు సీట్లో ఉన్నందుకు ధన్యవాదాలు." ఆ గొంతుకు మేమందరం అత్త అని పేరు పెట్టుకున్నాం. రోడ్డు మీద అత్త మా కళ్లను చూస్తుంది. యార్డులో బరువు మాత్రమే చూస్తుంది.

నా ముందు బండి దస్తగిరిది. అరవై నిండాయి ఆయనకు. పద్దెనిమిదేళ్ల కిందట, దారి చూపే ఉపగ్రహాలు రాలిపోయి, తమంతట తాము తిరిగే లారీలన్నీ ఒక్క పూటలో గుడ్డివైపోయినప్పుడు, ఈ జిల్లాలో స్టీరింగ్ పట్టడం వచ్చినవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. వాళ్లలో దస్తగిరి ఒకడు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట. ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను.

ఇందాక రేడియోలో పలకరించాడు.

"ఓబులమ్మా, ఏం తింటాండావు?"

"సంకటి. నిన్నటిది. పులిసిపోయింది."

"నా కాడ ఉల్లిగడ్డలుండాయి. ఇద్దామంటే ఎట్లిచ్చేది?"

"నువ్వే తిను. గొంతేంది అట్లుంది?"

"పొద్దున్నుంచి కాళ్లు మొద్దుబారినాయి. తల తిరుగుతాంది."

"దిగి ఆ గోడ నీడన పడుకోరాదా?"

"దిగితే మళ్లా నూరు బండ్ల ఎనక్కి. రేపటికైనా ఇంటికి పోవాల. ఖైరూన్‌కు చెప్పినా, వస్తానని."

దిగు అని ఇంకోసారి చెప్పలేదు నేను. నేనైనా దిగేదాన్ని కాదు.

62వ రోజు, సాయంత్రం నాలుగు

దస్తగిరి చనిపోయాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున ఆరింటికి ఆయన బండి పక్క అద్దంలో చూస్తే, ఆయన తల కిటికీకి ఆనుకుని ఉంది. నిద్రపోతున్నాడనుకున్నాను. నాకు ఈర్ష్య కూడా కలిగింది, ఆ ఉక్కలో ఆయనకు నిద్ర పట్టిందని. లేపకూడదని రేడియోలో పిలవలేదు. ఆయన బండి ముందుకు జరిగింది. వెనకే నాది జరిగింది. అట్లా ఆరు గంటలు, ముప్పై ఎనిమిది బండ్ల దూరం.

పన్నెండింటికి ఆయన బండి మూడో గేటు చేరింది. పైపు బిగించే మనిషి తలుపు తట్టాడు. మళ్లీ తట్టాడు. మెట్టెక్కి లోపలికి చూసి, కిందికి దూకి, ఆఫీసు వైపు చేతులూపాడు. మైకులోంచి ఆఫీసు వాళ్ల గొంతు వచ్చింది.

"ముందు పైపు తగిలించు. బండి ఖాళీ అయ్యాక దించొచ్చు."

ఆ మాట నేను చెవులారా విన్నాను. యార్డులో ఉన్న నూట డెబ్బై మందీ విన్నారు.

నేను తలుపు తెరిచి దిగాను. నా వెనక బండి మద్దిలేటిది. అతనూ దిగి పరుగెత్తి వచ్చాడు. ఇద్దరం దస్తగిరిని కిందికి దించాం. చొక్కా మీద చెమట ఆరి, ఉప్పు తెల్లగా గీతలు కట్టి ఉంది. ఒళ్లు అప్పటికే బిగుసుకుపోయింది. మేం ఆయన చేతుల కింద పట్టుకుని లేపుతుంటే, సీటులోంచి అత్త మాట్లాడింది.

"మీరు సీట్లో ఉన్నందుకు ధన్యవాదాలు."

ఆరు గంటల పాటు పది నిమిషాలకొకసారి ఆయనకు ఆ మాట చెప్పిందన్నమాట.

మద్దిలేటి సీటును కాలితో తన్నాడు. తన్నుతూనే ఉన్నాడు. నేను ఆపలేదు.

డాక్టరు వచ్చి, ప్రాణం పోయింది తెల్లవారి ఆరు ప్రాంతంలో అన్నాడు. మా రెండు బండ్లూ వరుస చివరికి పోయాయి.

64వ రోజు

ఖైరూన్ ఇంటికి వెళ్లాను. సంస్థ పంపిన కాగితం ఆమె చేతిలోనే ఉంది. చదువుకున్న మనిషే, అయినా నా చేత చదివించింది. "విశ్రాంతి నియమాలు పాటించడంలో డ్రైవరు నిర్లక్ష్యం" అని ఉంది.

"నిర్లక్ష్యమంట" అంది ఆమె. "పద్దెనిమిదేండ్లు బండికి గీత పడనీలే. నా మొగుడికి ఈ మాట అంటగట్టినారే, నేనిది ఎవురికి చూపియ్యాల?"

నేను కాగితం మడిచి ఆమె ఒళ్లో పెట్టాను.

"నువ్వు ఎనకాలే ఉంటివంట గదా?"

"ఉన్నా."

"ఏం చేస్తాంటివి?"

"నిద్రపోతాండాడనుకున్నా వదినా."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, అన్నం పెడతాను తినిపొమ్మంది. తిన్నాను. కంచం కడిగి పెట్టి వచ్చాను.

67వ రోజు

యార్డు మేనేజరు శ్రీపాద పిలిపించాడు. ఆయన గదిలో చల్లగాలి రావడానికి చక్రం తిరగనక్కర్లేదు.

"డ్రైవర్ల కొరత మీద ప్రభుత్వం విచారణ సంఘం వేసిందమ్మా. నలుగురు సభ్యులు. వచ్చే వారం యార్డుకే వస్తున్నారు. అనుభవం ఉన్న డ్రైవరు ఒకరు మాట్లాడాలి. మీ పేరు ఇచ్చాను."

"ఏం మాట్లాడాల?"

"ఉన్నదే. ఈ తరం పిల్లలు ఒళ్లు వంచరు, ఇల్లు వదిలి రారు, స్టీరింగ్ నేర్చుకునే ఓపిక లేదు. మీకు తెలియనిదేముంది?" కాఫీ కప్పు నా వైపు జరిపాడు. "యార్డు పర్యవేక్షణకు ఒక మనిషి కావాలి. కుర్చీలో కూర్చునే పని. ఇంత సర్వీసు ఉన్నవాళ్లను ఎండలో తిప్పడం నాకూ బాధగానే ఉంది."

ఆ కుర్చీ నాకు కావాలి. అబద్ధం రాయడం ఎందుకు? నడుము విరిగిపోతోంది. కాఫీ తాగాను. ఆలోచించి చెబుతానన్నాను. బయటికి వచ్చాక, ఆలోచించి చెబుతానన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

68వ రోజు, ఇల్లు

పదకొండు రోజుల తర్వాత ఇల్లు. మా అమ్మాయి తులజకు ఇరవై ఆరేళ్లు. టైల్సు పరిచే పని చేస్తుంది. పెద్ద బండ్ల లైసెన్సు ఉంది దానికి. అడిగాను.

"మీ బ్యాచ్‌లో ఎంతమంది పాసైనారు?"

"నలభై మంది."

"బండెక్కింది ఎంతమంది?"

"ఇరవై మంది ఎక్కినారు. ఇప్పుడు నడిపేటోళ్లు ఇద్దరు."

"జీతం రెండింతలు చేస్తే నువ్వొస్తావా?"

అది ఇసుక అంటిన చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. "వస్తా. రెండేండ్లు చేస్తా. ఆ మీద పారిపోతా."

"ఎందుకే?"

"నువ్వు ఇంట్లో కుర్చీలోంచి లేసేటప్పుడు గూడా చుట్టూ చూసి లేస్తావమ్మా. ఎవుర్నో అడిగినట్ల. నీకు తెలీదు, నేను చూస్తాంటా. దానికి ఎంత జీతమిస్తారు వాళ్లు?"

నాకు కోపం వచ్చింది. నా సంపాదనతోనే నీకు లైసెన్సు వచ్చిందని అరిచాను. అది ఎదురు చెప్పలేదు. మంచినీళ్లు తెచ్చి పెట్టి పనికి వెళ్లింది. ఆ తర్వాత నేను కుర్చీలోంచి లేచాను. నిజంగానే చుట్టూ చూశాను.

73వ రోజు

విచారణ సంఘం వచ్చింది. యార్డు మధ్యలో చల్లటి డేరా వేసి, నలుగురినీ కూర్చోబెట్టారు. ముగ్గురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఆమె పేరు హైమవతి. నీటి ధరలు నిర్ణయించే శాఖలో పెద్ద అధికారిగా చేసి రిటైరయ్యారట. శ్రీపాద నన్ను పరిచయం చేసి, నవ్వి, పక్కకు జరిగాడు.

"కొరతకు కారణం ఏమంటారు?" అని హైమవతి అడిగారు.

"నా బండి ఆ పక్కన నిలబెట్టినారు మేడమ్, వరసలో పెట్టమనండి. నా వంతు వచ్చేదాకా దాంట్లో కూసుంటే చెబుతా. ఈడ చెప్పను."

శ్రీపాద నవ్వు పోయింది. ముగ్గురు మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హైమవతి మాత్రం చేతిసంచి తీసుకుని లేచారు. నా బండిని నిలిపి ఉంచిన ఖాళీలోంచి వరుస చివరికి కలిపారు. ఉదయం పదకొండింటికి ఇద్దరం ఎక్కాం. తలుపు వేశాను.

మొదటి గంట ఆమె ప్రశ్నలు చదివారు. రెండో గంటలో కాగితంతో విసురుకోవడం మొదలుపెట్టారు.

"జీతాలు పెంచితే నీటి ధర పెరుగుతుంది" అన్నారు. "కొత్తరేవులో రోజుకూలీలు బిందె నీళ్లకు ఇప్పటికే ఎంత ఇస్తున్నారో మీకు తెలుసా? పెంచమనడం తేలిక. అది వాళ్ల నెత్తిన పడుతుంది."

"కూలోళ్ల పేరు చెప్పి కూలోళ్లను ఎండబెడతాండారు, అది తెలుసు నాకు. మీ కాగితంలో ఎంతమంది డ్రైవర్లు తక్కువని ఉంది?"

"మూడు వందలు."

"కిటికీలోంచి చూసి బండ్లు లెక్కపెట్టండి."

ఆమెకు కోపం వచ్చినట్టుంది. అయినా లెక్కపెట్టారు. వంకర తిరిగిన చోట కనపడకపోతే సీటు మీద మోకాళ్లూని మరీ చూశారు. నూట డెబ్బై తొమ్మిది వచ్చాయి.

"పెన్నగట్టులో నింపే కాడ ఇట్లాంటిదే ఇంగో వరస. ఆడ నూట యాభై" అన్నాను. "అందరం లైసెన్సులున్నోళ్లమే. మీరు వెతికే మూడు వందల మంది యాడికీ పోలేదు మేడమ్. ఈడనే కూసోనుండారు."

ఆమె కాగితం పక్కన పెట్టి గేట్ల వైపు చూశారు. తర్వాత అడిగారు. "ఆ ఎనిమిది గేట్లు ఎందుకు మూసి ఉన్నాయి?"

"గేటు తెరిస్తే మనుషుల్ని పెట్టాల. వాళ్లకు గంటకింతని ఇయ్యాల. మేం ఊరికే నిలబడతాం గదా. ఊరికే వచ్చేది ఉన్నప్పుడు డబ్బిచ్చి ఎందుకు కొంటారు?"

నాలుగో గంటలో ఆమె మాటలు తగ్గాయి. కాలు మీద కాలు వేసుకుని, బిగబట్టుకుని కూర్చున్నారు. నేను సీటు వెనక ఉన్న డబ్బా చూపించాను. ముఖం తిప్పుకున్నారు. ఐదో గంట దాటాక, ఒక్క మాటైనా చెప్పకుండా తలుపు తెరుచుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, ఆ ఎండలో యార్డు అటు చివరికి పరుగెత్తారు. అరవై ఏళ్లు దాటిన మనిషి. నాకు నవ్వు రాలేదు.

నా బండి వరుస చివరికి పోయింది. అరగంట తర్వాత ముఖం కడుక్కుని వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మీ వంతు పోగొట్టాను. క్షమించండి."

"నేను చెప్పాల్సింది అయిపోయింది మేడమ్. పోయి రాసుకోండి."

శ్రీపాద ఆ కుర్చీ మాట మళ్లీ ఎత్తలేదు.

89వ రోజు

విచారణ సంఘం నివేదిక వచ్చింది. యువతలో శిక్షణ, ఆసక్తి లోపించడమే కొరతకు కారణమని ముగ్గురు సభ్యులు తేల్చారు. డ్రైవింగు బడి ఒకటి పెట్టాలట. దానికి దస్తగిరి పేరు పెడతారట. బతికుండగా ఆయనకు నీడ ఇవ్వనివాళ్లు, చచ్చాక ఆయన పేరుతో ఇంకా కొంతమందిని ఎండలోకి తోలుతారన్నమాట. హైమవతి వేరుగా రెండు పేజీలు రాశారు. వాటిని చివర, కొలతల పట్టికల తర్వాత అతికించారు.

దాని వెనకే సంస్థ నోటీసు వచ్చింది. డ్రైవర్లు మధ్యలో దిగిపోవడం వల్ల కొరత పెరుగుతోంది కాబట్టి, ఎల్లుండి నుంచి నీళ్లు దించేదాకా తలుపులు బయటి నుంచి తాళం పడతాయి. మా భద్రత కోసమేనట.

మద్దిలేటి రేడియోలో ఆ నోటీసు మొత్తం చదివి వినిపించాడు. నూట డెబ్బై ఆరు బండ్లలో అందరూ విన్నారు.

90వ రోజు

ఉదయం పదకొండింటికి రేడియో తీసుకున్నాను. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

"నేను ఓబులేశ్వరిని. ఒకరు దిగితే ఆ బండి ఎనక్కి పోతాది. అందరం దిగితే యాడికి పోతాది? నేను దిగుతాండా. రేపటికి తాళాలు పడతాయి. దిగేటోళ్లు ఈ పూటే దిగండి."

తలుపు తెరిచి దిగాను. నేల కాలిపోతోంది. చుట్టూ బండ్లు, నేనొక్కదాన్ని. లోపలున్నవాళ్లంతా నన్ను చూస్తున్నారు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ఆ యార్డులో గడిపిన గంటలన్నిటికంటే అదే ఎక్కువ సేపు. ఎవరూ రాకపోతే ఏ ముఖం పెట్టుకుని మళ్లీ ఎక్కాలా అనుకున్నాను.

మద్దిలేటి తలుపు చప్పుడైంది. అటు మూలన ఇంకొకటి. ఆ తర్వాత నేను లెక్కపెట్టలేకపోయాను. తొమ్మిది మంది తప్ప అందరూ దిగారు. కొందరు దిగగానే నేల మీద వెల్లకిలా పడుకున్నారు. కొందరు నేరుగా మరుగుదొడ్ల వైపు నడిచారు. మూసి ఉన్న గేట్ల దగ్గర కాస్త నీడ ఉంటే అక్కడ చేరాం.

శ్రీపాద గొడుగు వేసుకుని వచ్చాడు. "కొత్తరేవులో పిల్లలు దాహంతో చస్తారు. ఆ పాపం మీదే."

ఆ మాట తగలకుండా పోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

"ఆసుపత్రులకు పోయే నీళ్ల బండ్లు ఇరవై ఉండాయి, వాటిని దించుతాం" అన్నాను. "మిగతావి గోడ పక్కకు తెచ్చి పెడతాం. బిందెలు తెచ్చుకున్నోళ్లకు పడతాం. మీ గేటు మాత్రం దాటిచ్చం. దాహంతో చచ్చేది ఎవురో మీకు ఇప్పుడు గుర్తుకొచ్చిందా సారూ? పోయిన నెల మూడో గేటు కాడికి శవమై వచ్చినోడి ఎనక ముప్పై వేల లీటర్లు ఉండె."

ఆయన గొడుగు ఇంకో చేతికి మార్చుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి గోడ అవతల బిందెల వరుస కనిపించింది. ఒక ముసలామె నీళ్లు పట్టుకుని, "ఇన్నాళ్లూ ఇవి ఈ గోడ వెనకే ఉన్నాయా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పచ్చి బూతు తిట్టింది. ఎవరిని తిట్టిందో నేను అడగలేదు.

92వ రోజు

రెండింతల జీతం ఇస్తాం, వచ్చి బండెక్కండని లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరికీ సంస్థ సందేశం పంపింది. తులజకూ వచ్చింది. నాకు చదివి వినిపించి, "ఇంత ఇయ్యగలిగినోళ్లు నీకెందుకు ఇయ్యలేదమ్మా?" అంది.

వేలమందిని పిలిస్తే పదిహేడు మంది వచ్చారు. యార్డులో నిలబడిన వరుస చూసి, సీటు వెనక డబ్బాలు చూసి, పదకొండు మంది వెళ్లిపోయారు. మిగిలిన ఆరుగురూ మధ్యాహ్నానికి మాతో వచ్చి నీడన కూర్చున్నారు.

94వ రోజు

సంస్థ దిగివచ్చింది. తాళాలు లేవు. ఎదురుచూసే ప్రతి గంటకూ జీతం, నడిపిన గంటతో సమానంగా. మేం అడిగిన రెండో విషయం దస్తగిరి కాగితంలోని ఆ మాట. దాని మీద నాలుగు గంటలు వాదించారు. జీతం మీద కూడా అంత వాదించలేదు. చివరికి "నిర్లక్ష్యం" కొట్టేసి "గుండె ఆగి మరణం" అని రాసిచ్చారు.

ఆ కాగితం ఖైరూన్‌కు ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"చచ్చిన ప్రతోళ్లకూ గుండె ఆగుతుంది గదా ఓబులమ్మా. ఎందుకు ఆగిందో రాయడానికి చేతులు రాలేదా?"

అయినా మడిచి బీరువాలో పెట్టుకుంది.

101వ రోజు

మూసి ఉన్న ఎనిమిది గేట్లూ తెరిచారు. గంటకు జీతం మొదలైన ఆరో రోజుకే మనుషులు దొరికారు, పైపులు దొరికాయి, తాళంచెవులు దొరికాయి. ఇవాళ నేను యార్డులో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు. వెలుతురు ఉండగానే ఇల్లు చేరాను. స్నానం చేసి వాకిట్లో కూర్చుంటే, ఏం చేయాలో తోచలేదు. తులజ వచ్చి నన్ను చూసి, "ఎవురన్నా పోయినారా?" అని అడిగింది. ఇద్దరం నవ్వాం. ఇద్దరం కలిసి నవ్వి ఎన్నేళ్లయిందో.

114వ రోజు

ఉత్తరం వచ్చింది. సిబ్బంది మిగులు కారణంగా మూడు వందల ఎనిమిది మంది సేవలు ఇకపై అవసరం లేదని. నా పేరు మొదటిది. మద్దిలేటి పేరు కూడా ఉంది.

రెండుసార్లు చదివి, బండి తాళంచెవి తీసుకుని యార్డు ఆఫీసుకు పోయాను. శ్రీపాద కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"పద్దెనిమిదేండ్లు మనుషుల్లేరంటిరి. ఇరవై రోజులకే ఎక్కువైనామా?"

"మీరడిగిందే చేశాం కదమ్మా" అన్నాడు. గొంతులో వెటకారం లేదు, అదే నాకు మరీ మండింది. "ఎదురుచూపులు తగ్గాయి. మూడు రోజులకు ఒక ట్రిప్పు వేసే బండి ఇప్పుడు రెండు రోజులకే వేస్తోంది. ఇంతమంది ఎందుకు? నేను అప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు."

"చచ్చినోడు మీ లెక్కలో ఏ పక్కకు వస్తాడు? తక్కువ పక్కకా, మిగులు పక్కకా?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. తాళంచెవి వాటి మీద పడేలా విసిరి బయటికి వచ్చాను.

మద్దిలేటి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఉత్తరం చేతిలో నలిగిపోయి ఉంది.

"అక్కా, ఆ పొద్దు తలుపు తియ్యకుండా ఉండుంటే మనకు పని ఉండేది గదా?"

"ఉండేది."

"తప్పు చేసినామా?"

మూడు వందల ఎనిమిది ఇళ్లు. వాటిలో ఒకటి నాది. ఇవాళ పొయ్యి ఎట్లా వెలగాలో తెలియని ఇళ్లు అందులో ఎన్నో ఉంటాయి. కానీ మిగిలిన ఆరు వందల మంది పొద్దు వాలకముందే ఇల్లు చేరుతున్నారు. సీట్లో కూర్చున్న మనిషి బతికి ఉన్నాడో లేడో ఇప్పుడు ఎవరో ఒకరు చూస్తున్నారు, గంటకు జీతమిస్తున్నారు కాబట్టి.

"లేదు" అన్నాను. "మన్ని తీసేసింది మనం దిగినందుకు కాదు మద్దిలేటీ. ఇన్నేండ్లు మన్ని ఊరికే వాడుకున్నారని తెలిసిపోయినందుకు. హైమవతి మేడమ్ నంబరు నా దగ్గర ఉంది. ఈ ఉత్తరం ఆమెకు పంపుదాం. నా నోటుబుక్కు గూడా పంపుతా. ఇంగో రెండు పేజీలు రాస్తాదేమో చూద్దాం."

"రాయకపోతే?"

"తీసేసిన మూడు వందల మందిమీ ఆ విచారణ సంఘం ముందుకే పోదాం."

అతను తల ఊపి బస్సు కోసం వెళ్లాడు. నేను యార్డులోంచే అడ్డంగా నడిచాను. మధ్యాహ్నం మూడు గంటలు. పన్నెండు గేట్ల దగ్గర పన్నెండు బండ్లు, వాటి వెనక పదో పదిహేనో. మిగతాదంతా ఖాళీ నేల. అంత నేల ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. దాని మీదంతా మమ్మల్నే నిలబెట్టారు కాబట్టి కనపడలేదు.

మధ్యలో ఆగాను. ఆ నేల మీద ఉమ్మి, నడుచుకుంటూ బయటికి వచ్చాను.